ఖాళీ సీట్లతో బయల్దేరిన ఆటో

నేను స్విచ్‌లు తయారుచేస్తానని మా అమ్మ వీధిలో అందరికీ చెప్పేసింది. అది నిజమే. అయితే ఆ మాట చెవిన పడ్డ వారానికే పక్కింటావిడ పనిచేయని ఫ్యాను రెగ్యులేటర్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. నేను చేసేది గోడకుండే స్విచ్ కాదని ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు. చివరికి విప్పి చూస్తే లోపల ఒక వైరు ఊడి ఉంది. బిగించి ఇచ్చాను. దాంతో వీధిలో నా పేరు స్థిరపడిపోయింది.

నేను చేసే స్విచ్ కంప్యూటర్లది. పెద్ద పెద్ద కేంద్రాల్లో వేల కంప్యూటర్లు పగలూ రాత్రీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. మనం ఫోన్లో చూసే వీడియో, పంపే ఫొటో, అన్నీ చిన్న చిన్న ముక్కలై తీగల వెంట పరుగెత్తుతాయి. ఆ ముక్కల్ని ప్యాకెట్లంటాం. తీగలన్నీ కలిసే చోట ఒక పెట్టె ఉంటుంది. ఏ తీగలోంచి వచ్చిన ప్యాకెట్ ఏ తీగలోకి పోవాలో అది చూసుకుంటుంది. ఆ పెట్టెనే స్విచ్ అంటారు. అందులో ఉండే చిప్‌ని డిజైన్ చేసే జట్టులో నేనొకదాన్ని. కంపెనీ హైదరాబాదులో ఉంది. కరోనా రోజుల్లో ఇంటికొచ్చిన నేను, పని ఇక్కడినుంచీ బాగానే సాగుతోందని మా మేనేజరు ఒప్పుకోవడంతో బాన్సువాడలోనే ఉండిపోయాను. మేడమీద గది, రెండు తెరలు, ఒక ఇన్వర్టరు. అదే నా ఆఫీసు.

మా తాత కాలవ నీళ్ళున్న పొలం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి క్యాంపులో, అంటే కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న పల్లెలో, స్థిరపడ్డాడు. పొలం ఇంకా క్యాంపులోనే ఉంది, ఇల్లు మాత్రం బాన్సువాడకి మారింది. ఇంట్లో 'ఏంటి' అంటాం, గడప దాటితే 'ఏంది' అంటాం. రెండూ నాకు సొంతమే.

మా జట్టులో ఒకతను ఉండేవాడు. అతని ఉద్యోగమే నా పనిలో తప్పులు పట్టడం. నేను డిజైన్ చేసినదానిమీదికి రకరకాల రద్దీని వదిలి, అది ఎక్కడ కుప్పకూలుతుందో వెతకాలి. ఆ పని అతను ఎంత ప్రేమగా చేసేవాడంటే, నాకు ఒళ్ళు మండిపోయేది. మీటింగుల్లో ఎప్పుడూ కెమెరా పెట్టడు. నల్లటి చతురస్రంలోంచి నెమ్మదైన ఇంగ్లీషు గొంతు మాత్రం వస్తుంది. "చిన్న ప్రశ్న" అని మొదలుపెడతాడు. ఆ చిన్న ప్రశ్న తర్వాత నాకు కనీసం నాలుగు రోజులు నిద్రుండదు.

ఆ ఏడు కొత్త స్విచ్‌కి పోర్టులు రెట్టింపు కావాలన్నారు. పోర్టంటే తీగ వచ్చి తగిలే చోటు. మా పాత డిజైన్‌లో మధ్యన ఒక షెడ్యూలర్ కూర్చుని ఉండేది. ఒక పోర్టులోంచి ఒకసారికి ఒక్క ముక్కే బయల్దేరాలి, ఒక పోర్టుకి ఒక్క ముక్కే చేరాలి కాబట్టి, ఎవరికి ఎవరు జతో అది తేల్చేది. అంటే సంబంధాలు కుదర్చడమే, కాకపోతే రెప్పపాటులో కోట్లసార్లు. పోర్టులు రెట్టింపయితే చూడాల్సిన జతలు నాలుగు రెట్లవుతాయి. ఆలోచించుకునే వ్యవధి మాత్రం పెరగదు. పాపం, ఆ షెడ్యూలర్ చేతులెత్తేసింది.

నేనో సాహసం చేశాను. అసలా షెడ్యూలర్నే తీసేద్దామన్నాను. దాని బదులు మధ్యలో చిన్న చిన్న స్విచ్‌లు చాలా పెడదాం. ప్యాకెట్లని సమానమైన ముక్కలు చేసి, పేకముక్కలు పంచినట్టు ఒక్కో చిన్న స్విచ్‌కి ఒక్కోటి వరసగా పంచేద్దాం. అవేమీ ఆలోచించనక్కర్లేదు, తమ వంతు రాగానే ముందుకు పంపితే చాలు. పోర్టులు ఇంకా కావాలంటే ఇంకొన్ని చిన్న స్విచ్‌లు చేర్చుకుంటూ పోవచ్చు. జట్టంతా చప్పట్లు కొట్టినంత పని చేసింది. నేను వారంపాటు మెట్లు దిగకుండా దూకుతూ తిరిగాను.

ఆ తర్వాతి సోమవారం మీటింగులో నల్లటి చతురస్రం గొంతు సవరించుకుంది. చిన్న ప్రశ్న. రెండో ముక్క కంటే మూడో ముక్క ముందెందుకు వచ్చింది?

అతను చెప్పింది నిజమే. ఒక చిన్న స్విచ్‌లో వరస పొడుగ్గా, ఇంకోదాంట్లో పొట్టిగా ఉంటే వెనక బయల్దేరింది ముందు చేరిపోతుంది. వరస తప్పిన ముక్కల్ని తీసుకుని అవతలి కంప్యూటరేం చేసుకుంటుంది? ఏదో ఒకటి చెప్పాలని నేను నోరు తెరిచేలోపు, అతని గొంతు వెనకనుంచి రికార్డు చేసిన అరుపొకటి వినిపించింది. ఉల్లిగడ్డ, ఉల్లిగడ్డ, మహారాష్ట్ర ఉల్లిగడ్డ, సంచి తెచ్చుకోండక్కా. అతను కంగారుగా మైకు ఆపేశాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ గొంతు నాకు తెలుసు. మధ్యలో 'అక్కా' దగ్గర రికార్డింగు గీరుకుపోయి ఎక్కిళ్ళు పెడుతుంది. ఆ ఆటోకి అమ్మ రోజూ సంచి పట్టుకుని ఎదురెళ్తుంది.

కాసేపటికి నేను మాట్లాడుతుండగా అదే ఆటో మా వీధిలోకి తిరిగింది. అదే ఉల్లిగడ్డ, అవే ఎక్కిళ్ళు. ఈసారి నా మైకులోంచి. అంతలో తెర మూలన అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, మొదటిసారి తెలుగులో.

"మీరు బాన్సువాడల ఉంటరా?"

నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. రెండేళ్ళుగా నేను హైదరాబాదులో ఏ పన్నెండో అంతస్తులోనో ఊహించుకుని తిట్టుకుంటున్న మనిషి, నాకు నాలుగు వీధుల అవతల ఉన్నాడు.

మర్నాడు బస్టాండు దగ్గర బేకరీలో కలిశాం. టీ హోటలంటే అందరూ చూస్తారు, బేకరీ అయితే కేకు కోసం వచ్చామనుకుంటారని అతనే చెప్పాడు. నేను ముఖం గంభీరంగా పెట్టుకుని వెళ్ళాను. మూల బల్ల దగ్గర, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎగ్ పఫ్ ముందు పెట్టుకుని, నాకంటే ఎక్కువ భయపడుతూ కూర్చుని ఉన్నాడు. అతనిది ఊరికి కొంత దూరంలో ఉన్న తండా. అక్కడ సిగ్నల్ సరిగా రాదని బాన్సువాడలో గది కిరాయికి తీసుకుని పని చేస్తున్నాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, మీటింగులో ఇంగ్లీషు. కెమెరా ఎందుకు పెట్టవని అడిగాను. గదికి కిటికీ లేదని, బల్బు వేసినా దెయ్యంలా కనిపిస్తానని చెప్పాడు. నాకు నవ్వాగలేదు. అతనూ నవ్వాడు. రెండేళ్ళ కోపం అంతలోనే ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

ఆ తర్వాత బేకరీ మా రెండో ఆఫీసయింది. క్రీమ్ బన్నులు, ఉప్పు బిస్కెట్లు తింటూ ముక్కల వరస గురించి దెబ్బలాడుకునేవాళ్ళం. బేకరీ అన్న మమ్మల్ని పోటీ పరీక్షలకి చదువుకునేవాళ్ళనుకున్నాడు. ఇంటర్వ్యూ ఎప్పుడని మధ్యమధ్యలో అడిగేవాడు కూడా.

ఒకరోజు నాకు ఉపాయం తట్టింది. ముక్క రాగానే పంపేయకుండా ఆగుదాం. ఒకే పోర్టుకి పోవాల్సిన ముక్కలు ఒక గుంపు నిండేదాకా పోగు చేసి, మొత్తం గుంపుని ఒకేసారి చిన్న స్విచ్‌లన్నిటికీ తలా ఒకటి పంచుదాం. అప్పుడు అన్నిట్లోనూ వరసలు సమానంగా పెరుగుతాయి, ఎవరూ ఎవర్నీ దాటలేరు. అతను బన్ను నమలడం ఆపేసి ఆలోచించాడు. తర్వాత గదికెళ్ళి పరీక్ష పెట్టాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. వరస తప్పడం లేదు. రద్దీ ఎక్కువైతే అద్భుతంగా పోతోంది.

"కానీ చిన్న ప్రశ్న," అన్నాడు.

నేను మంచం మీద బోర్లా పడుకుని, అడుగు అన్నాను.

"రద్దీ లేనప్పుడు గుంపు నిండదు గదా. ఒక్క ముక్క ఒచ్చి ఉట్టిగ కూసుంది. ఇంకా గాడనే కూసుంది. ఎప్పుడు లేస్తది?"

గుంపు చిన్నది చేస్తే వరస చెడుతుంది, పెద్దదైతే ముక్క ముసలిదైపోతుంది. ఎన్నో రోజులు అక్కడే ఆగిపోయాం. అయినా విచిత్రం, నాకు దిగులు వేయలేదు. పొద్దున్నే లేచి, ఇవాళ ఏ చొక్కా వేసుకొస్తాడో అని ఆలోచించేదాన్ని. అది స్విచ్ డిజైన్‌కి సంబంధించిన ఆలోచన కాదని నాకూ తెలుసు.

శ్రావణంలో తండాలో తీజ్ పండగ వచ్చింది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, రోజూ నీళ్ళుపోసి, చివరిరోజు ఆడి పాడి మొలకల్ని పంచుకునే పండగ. ఫోన్లో రోజూ కొడుకుమీద అరిచే పిల్లని తీసుకురమ్మని వాళ్ళమ్మ చెప్పిందట. పగలే వెళ్ళి పగలే వచ్చేస్తానని మా అమ్మకి చెప్పి బయల్దేరాను. అమ్మ నా చీర వంకా, నా ముఖం వంకా ఒకసారి చూసి, ఏమీ అడగకుండా డబ్బాలో సున్నుండలు పెట్టిచ్చింది.

అతని బండి రిపేరులో ఉండటంతో షేరింగు ఆటో ఎక్కాం. అది నిండితేగానీ కదలదు. మేమిద్దరం, ఒక అవ్వ, ఆమె ఒళ్ళో కోడిపుంజు. అంతే. డ్రైవరు మా దారే కాని జుక్కల్ వైపు పోయేవాళ్ళని కూడా మా ఆటోలోకి పిలుస్తున్నాడు, ఎవరూ రావడం లేదు. ఎండ నెత్తికెక్కుతోంది. పుంజు నా చీర కుచ్చిళ్ళ మీద ఆసక్తి చూపిస్తోంది. అప్పటికే ఇంటినుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్న అతను ఇక ఆగలేక ముందుకి వంగాడు.

"అన్నా, ఖాళీ సీట్లకు గూడ మేమే ఇస్తం. పోనీ ఇగ."

ఆటో కదిలింది. గాలి తగిలింది. మూల తిరిగేలోపు నేను అతని మోచెయ్యి పట్టేసుకున్నాను.

"ఖాళీ సీట్లతో పోయింది," అన్నాను.

"అవ్, పోయింది. ఏమైంది?"

"గుంపు నిండకపోతే మనం కూడా ఖాళీలు పెట్టి పంపేద్దాం. ఉత్త ముక్కలు, లోపలేం ఉండనివి. బయటికి రాగానే పారేద్దాం."

అతను నా వైపు చూశాడు. అతని ముఖంలో తప్పులు పట్టేవాడు మేల్కోవడం నాకు కనిపించింది. "రద్దీ ఉన్నప్పుడు గా ఖాళీలే అసలు ముక్కల జాగ తింటయ్ గదా," అన్నాడు నెమ్మదిగా.

"రద్దీ ఉన్నప్పుడు ఆటో ఎట్లైనా నిండుతది. అప్పుడు ఖాళీలు ఎందుకు పెడతం? ముందర చిన్న స్విచ్‌లల్ల వరస పొట్టిగ ఉన్నప్పుడే పెడదాం."

నేను పరిచయమైనప్పటినుంచి మొదటిసారి అతని దగ్గర చిన్న ప్రశ్న లేదు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగని నవ్వు. అవ్వ పుంజుని గట్టిగా పట్టుకుని కొంచెం అవతలికి జరిగింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, పైసలు ముందే తీసుకుంటే బాగుండేదన్నట్టు ముఖం పెట్టాడు.

తండాలో దిగేసరికి వాళ్ళమ్మ వాకిట్లో ఉంది. చేతులకి మోచేతిదాకా గాజులు, కళ్ళలో కొడుకు కళ్ళే. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గీ పిల్లేనా నీ మీద ఒర్లేది?" అని కొడుకునడిగింది. అతను అవును, రోజూ అరిచేది ఈమేనన్నాడు. "మంచిగ ఒర్లు బిడ్డా," అని నాతో చెప్పి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మర్యాదగా పండగ చూడాల్సినదాన్ని, నేనేం చేశానో చెబితే మా అమ్మ ఇప్పటికీ తల పట్టుకుంటుంది. గబగబా రెండు ముద్దలు తిని, అతని ల్యాప్‌టాప్ లాక్కుని, అరుగు మీద కూర్చుని కోడ్ మార్చడం మొదలుపెట్టాను. అతను పక్కన కూర్చుని తప్పులు చెబుతున్నాడు. మార్చడం అయిపోయింది, కానీ పరీక్ష నడవాల్సిన యంత్రాలు హైదరాబాదులో ఉన్నాయి. ఇక్కడేమో ఫోన్ మోగేపాటి సిగ్నలే తప్ప నెట్ రాదు. తండా వెనక గుట్ట ఎక్కితే వస్తుందని అతను చెప్పడమే ఆలస్యం, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎక్కేశాను. వాళ్ళమ్మ కిందినుంచి లంబాడీలో ఏదో అరిచింది. ఏమంటోందని అడిగితే, పండగనాడు గుట్టమీదికి కంప్యూటర్ మోసుకెళ్ళేవాళ్ళని ఎక్కడా చూడలేదంటోందన్నాడు.

గుట్టమీద ఒక బండ. దానిమీద ల్యాప్‌టాప్. అతను ఫోన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి దించితే సిగ్నల్ పోతుంది. కింద ఆడపిల్లలు బుట్టల చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. తెరమీద గీత మెల్లగా సాగుతోంది. రద్దీ తక్కువ, ముక్కలు ఆగడం లేదు. రద్దీ సగం, ఆగడం లేదు. రద్దీ నిండా, వరస తప్పడం లేదు. గీత ఎక్కడా ఎగిరిపడకుండా, కాలవ గట్టులా చదునుగా పోయింది. అతను చెయ్యి దించడం మర్చిపోయాడు. నేను బండ మీదే చిందులు తొక్కాను. కాలు జారితే అతను పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదలలేదు.

అప్పుడే అడిగేశాను. ముందుగా అనుకున్న మాట కాదు. "మనం పెళ్ళి చేసుకుందామా?"

కింద పాట మారింది.

"మీ ఇంట్ల ఏమంటరు?" అన్నాడు చివరికి. అందులో పరీక్ష పెట్టే గొంతు లేదు. మామూలు మనిషి భయం ఉంది.

తెలియదన్నాను. కానీ చేసుకుంటానని మాత్రం తెలుసన్నాను. అతను తల వంచుకుని నవ్వుతూ, తనకూ అంతే తెలుసన్నాడు. ఇద్దరం గుట్ట దిగి ఆడపిల్లల గుండ్రంలో దూరాం. నా అడుగు ఒక్కటీ కుదరలేదు. ఎవరో మొలకలు తెంపి నా జడలో దోపారు.

మర్నాడు మీటింగులో మేనేజరు అంతా విని, చాలా బాగుందని మెచ్చుకుని, ఇలాంటిది ఎన్నో ఏళ్ళ కిందటే ఎవరో పరిశోధకులు రాశారని ఒక పాత పేపరు పంపించాడు. చదివాను. అచ్చం మా ఖాళీ ముక్కలే. సిగ్గుపడాల్సింది. నాకు మాత్రం సంతోషం ఇంకా పెరిగింది. మాకంటే ముందు ప్రపంచంలో ఇంకెవరో ఇదే చోట ఆగిపోయి, ఇలాగే ఎగిరి గంతేసి ఉంటారు. మా చిప్‌కి దాన్ని ఇమడ్చడం ఇంకో పెద్ద పని. అది మేం చేశాం.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. అమ్మకి ముందే తెలుసు. నాన్నకి చెప్పినరోజు ఆయన పొలం వెళ్ళిపోయారు. కొన్ని వారాలు నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. ఒకరోజు అన్నం తింటూ, ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటే అది మూతపడ్డప్పుడు ఏం తింటారని అడిగారు.

"మీ భయం అది కాదు కదా నాన్నా," అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూ ఆగారు. "కాదు. క్యాంపులో వాళ్ళేమంటారో అని."

"ఏమంటారు?"

"ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పిల్లల గురించి నేనేం అన్నానో అదే."

ఆ తర్వాత ఆయనేం ఆలోచించుకున్నారో నాకు చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా బండి వేసుకుని తండాకి వెళ్ళిపోయారు. ఇక్కడ నేనూ, నాలుగు వీధుల అవతల అతనూ ఫోన్లు చేతిలో పట్టుకుని గింజుకున్నాం. నాన్న సాయంత్రానికి తిరిగొచ్చారు. సంచినిండా మక్క కంకులు. ఏం జరిగిందని అమ్మ అడిగితే, అబ్బాయి వాళ్ళ నాన్న మక్క చేలో అడవి పందులు పడి నాశనం చేస్తున్నాయని, మన వరికీ అదే బాధ కదా అని, ఇద్దరం కంచె ఎట్లా వేయాలో చూశామని చెప్పారు. పెళ్ళి మాటేమైందంటే, "అదా, అయింది," అని కంకులు కాల్చమన్నారు.

పెళ్ళి చిన్నగా చేసుకున్నాం. క్యాంపులో కొందరు రాలేదు. వచ్చినవాళ్ళు కడుపునిండా తిన్నారు. అతను కిటికీ లేని గది ఖాళీ చేసి, నాలుగు కిటికీలున్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఇప్పుడు మీటింగుల్లో ఒకే తెరమీద ఇద్దరం కనిపిస్తాం.

చిప్ తయారై రావడానికి చాలా నెలలు పట్టింది. వచ్చిందని తెలియగానే మొదటి బస్సుకి హైదరాబాదు వెళ్ళాం. ల్యాబులో ఫ్యాన్ల హోరుకి మాట వినపడటం లేదు. పెద్ద బోర్డు మధ్యలో అది, నా గోరు కంటే కాస్త పెద్దగా, ఏమీ తెలియనట్టు కూర్చుని ఉంది. కరెంటు ఇచ్చారు. పోర్టుల దీపాలు ఒక్కోటే పచ్చగా వెలిగాయి. అతను తన దగ్గరున్న రద్దీల్లో అన్నిటికంటే దుర్మార్గమైనది ఎంచుకుని దానిమీదికి వదిలాడు. కొత్త పెళ్ళాం చేసిన చిప్ అని కొంచెం కూడా జాలి చూపించలేదు. లోపలికి పోయిన ముక్కలెన్నో బయటికి వచ్చిన ముక్కలూ అన్నే. వరసా అదే. మధ్యాహ్నం దాకా రకరకాలుగా తిప్పి తిప్పి చూశాడు. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, "ఏం దొరుకుతలేదు," అన్నాడు. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేను చూడలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేనేజరు ఎవరో ఏడుస్తున్నారనుకుని టిష్యూ డబ్బా తెచ్చాడు.

బయటికొచ్చి బిర్యానీ తిన్నాం. బస్టాండుకి పరుగెత్తి, బాన్సువాడ బస్సు కదులుతుండగా ఎక్కాం. కిటికీ పక్క సీటు కోసం మెదక్ దాకా పోట్లాడుకున్నాం.